బ్లాక్ కంట్రీ కమ్యూనియన్‌ది ఏ కాలపు సంగీతం?

హైదరాబాదులో రాక్ సంగీతం శ్రద్ధగా వినేవారు కొద్దిమందే అయినా, వారి మధ్య వాదోపవాదాలకు మాత్రం ఎన్నడూ లోటు లేదు. ఆ వాదాల్లో నాకు తరచుగా ఎదురయ్యే మాట ఒకటుంది. 1970లలో వచ్చిన రాక్ గొప్పదే గానీ, ఇప్పుడు ఆ పద్ధతిలో వాయించేవారు చేసేది అనుకరణేనని, అసలు చేతిలో ఉండగా నకలు వినవలసిన అవసరం ఏముందని అంటారు. బ్లాక్ కంట్రీ కమ్యూనియన్ అనే బృందం పాటలు ఎవరికి వినిపించినా రెండో పాట పూర్తయ్యేలోపు ఈ మాట వచ్చి తీరుతోంది. వారాంతాల్లో జూబ్లీహిల్స్ పబ్బుల్లో బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ పాటలు వాయించే మన కుర్రాళ్ళను కూడా ఇదే మాటతో తీసిపారేయడం చూశాను. ఈ అభిప్రాయం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. నా కారణాలు ఆ బృందం సంగీతంలోనే ఉన్నాయి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ బృందంలో ఉన్నది నలుగురు. పాడుతూ బేస్ గిటార్ వాయించే గ్లెన్ హ్యూస్ 1973లో డీప్ పర్పుల్‌లో చేరి, డేవిడ్ కవర్‌డేల్‌తో గొంతు కలిపి ‘బర్న్’, ‘స్టార్మ్‌బ్రింగర్’ ఆల్బమ్‌లలో పాడినవాడు. గిటారిస్టు జో బోనమాసా అమెరికన్. పన్నెండేళ్ళ వయసులోనే బి.బి.కింగ్ కచేరీలకు ముందు వాయించిన బ్లూస్ కళాకారుడు. డ్రమ్స్ వాయించే జేసన్ బోనమ్, మరో బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ కుమారుడు. కీబోర్డులు వాయించే డెరెక్ షెరీనియన్ అంతకు ముందు ఆలిస్ కూపర్ వద్ద, తర్వాత డ్రీమ్ థియేటర్‌లో పనిచేశాడు. 2009 నవంబరులో హాలీవుడ్‌లో జరిగిన ఒక బ్లూస్ కార్యక్రమంలో హ్యూస్, బోనమాసా ఒకే వేదిక మీద వాయించారు. అది చూసిన నిర్మాత కెవిన్ షర్లీ మిగతా ఇద్దరినీ కలిపి బృందంగా కూర్చాడు. 2010 సెప్టెంబరులో ‘బ్లాక్ కంట్రీ’ పేరుతో తొలి ఆల్బమ్ వచ్చింది. అందులో పన్నెండు పాటలు, దాదాపు 72 నిమిషాల సంగీతం ఉన్నాయి.

నేను దీన్ని విన్నది ఆల్బమ్ వచ్చిన చాలా ఏళ్ళకు, సైనిక్‌పురిలో ఒక మిత్రుడి ఇంట్లో. వాళ్ళ నాన్నగారు మిలిటరీలో ఉన్నప్పుడు కొన్న పాత ఆంప్లిఫయరు, నడుము ఎత్తు స్పీకర్ల జత ఆ ఇంట్లో ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఆ రోజు అతను పేరు చెప్పకుండా, కవరు చూపించకుండా మొదటి పాట పెట్టాడు. ముందుగా బేస్ గిటార్ గరగరలాడుతూ పరుగు అందుకుంది, దాని వెనుక డ్రమ్స్ పడ్డాయి, ఆ తర్వాత ఒక గొంతు పైస్థాయిలో విరుచుకుపడింది. ఆబిడ్స్ దుకాణాల్లో క్యాసెట్లు కొన్న రోజుల నుంచి ‘బర్న్’ వింటున్నవాడిని కనుక ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలిసింది. నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం గొంతు కాదు, డ్రమ్స్. కాలితో మోగించే కిక్ డ్రమ్ మీద దెబ్బ పడగానే, ఆ దెబ్బ గదిలోకి వెళ్ళి గోడను తాకి తిరిగి వచ్చే లిప్తపాటు వ్యవధి స్పష్టంగా వినిపిస్తోంది. స్పీకరు ముందు కూర్చున్న మనిషికి తాను ఉన్న గది కాక మరో గది తెలుస్తోంది. ఫోనులో, చెవుల్లో పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్లలో, మియాపూర్ మెట్రో రైలు రొదలో ఎన్నో రాక్ పాటలు విన్న నాకు, ఆ రెండో గది వినిపించి చాలా కాలమైందని అప్పుడు తోచింది.

డెబ్బైల నాదం అంటే నా దృష్టిలో ముఖ్యంగా ఆ రెండో గదే. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. 1971లో వచ్చిన లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్‌లో చివరి పాట ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ రికార్డు చేసినప్పుడు, హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల దారి అడుగున జాన్ బోనమ్ డ్రమ్స్ పెట్టారు. ఇంజనీరు ఆండీ జాన్స్ మైకులను డ్రమ్స్ దగ్గర పెట్టకుండా, పై అంతస్తు నుంచి మెట్ల మధ్యకు వేలాడదీశాడు. రికార్డయినది చర్మం మీద పడిన కర్ర చప్పుడు ఒక్కటే కాదు. ఆ చప్పుడు మెట్ల గోడల మధ్య ఎదుగుతూ పైకి వచ్చిన తీరు కూడా టేపు మీదకు ఎక్కింది. ఇప్పుడు మామూలుగా జరిగే పద్ధతి వేరు. ప్రతి డ్రమ్‌కూ ఆనుకుని ఒక మైకు ఉంటుంది, వాయించినది కంప్యూటరు తెర మీది తాళపు గళ్ళకు సరిపోయేలా సరిచేయబడుతుంది, బలహీనంగా పడిన దెబ్బ స్థానంలో ముందుగా దాచి ఉంచిన వేరొక దెబ్బ అతికించబడుతుంది. గిటారిస్టు తన వంతు మరో ఊళ్ళో మరో రోజు వాయించి పంపవచ్చు. ఈ పద్ధతిలోనూ మంచి సంగీతం పుడుతుంది, దాన్ని కాదనను. అయితే పల్లవి దగ్గర నలుగురూ కలిసి అర మాత్ర ముందుకు తూలడం, పాట మధ్యలో ఒకరు చేయి తేలిక చేయగానే మిగతావారు కూడా తగ్గడం వంటివి ఆ పద్ధతిలో పుట్టవు. అవి పుట్టాలంటే వాయించేవారు ఒకరినొకరు చూడాలి.

ఈ సంగతి తెలుగు శ్రోతకు కొత్తేమీ కాదు. ఘంటసాల, సుశీల పాడిన కాలంలో మద్రాసు రికార్డింగు థియేటర్లలో గాయకులు, వయొలిన్లు, తబలా, వేణువు అన్నీ ఒకేసారి మోగేవి. ఒక్కరు తప్పినా అందరూ మొదటి నుంచి రావలసిందే. ఆ పాటల్లో మనం నేటికీ విడిగా చెప్పలేక, ‘ఏదో ఉంది’ అని ఊరుకునే గుణంలో ఈ ఒకేసారి మోగడానికి పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం. కెవిన్ షర్లీ ఈ నలుగురితో చేయించిన పని కూడా ఇదే. ఎక్కువ భాగం నలుగురినీ ఒకే గదిలో పెట్టి, తక్కువ టేకులతో, తర్వాత పైన పూసే పూతలు వీలైనంత తగ్గించి రికార్డు చేయడం అతని పద్ధతి. 2003లో వచ్చిన లెడ్ జెప్లిన్ పాత కచేరీల ఆల్బమ్‌కు మిక్సింగ్ చేసినవాడు కూడా అతనే. జాన్ బోనమ్ డ్రమ్స్ కచేరీ టేపుల మీద ఎలా ఉన్నాయో దగ్గర కూర్చుని విన్న మనిషి, ఆయన కొడుకు డ్రమ్స్ ముందు మైకు ఎక్కడ పెట్టాలో తెలుసుకుని పెట్టాడు.

ఇక ఆర్గన్. ఈ బృందాన్ని విమర్శించేవారు గిటార్ గురించి, గొంతు గురించి మాట్లాడతారు గానీ, ఆల్బమ్ రంగును నిర్ణయించే హామండ్ ఆర్గన్‌ను పట్టించుకోరు. చర్చిల్లో గొట్టాల ఆర్గన్ కొనలేనివారి కోసం లారెన్స్ హామండ్ 1930లలో తయారుచేసిన వాద్యమిది. దాని లోపల పళ్ళున్న లోహపు చక్రాలు తిరుగుతూ ఉంటాయి. ప్రతి చక్రం ఒక అయస్కాంతం ముందు తిరిగి ఒక స్వరానికి కావలసిన విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ నాదం లెస్లీ స్పీకరు ద్వారా బయటకు వస్తుంది. ఆ పెట్టెలో హారన్ గుండ్రంగా తిరుగుతూ శబ్దాన్ని మన వైపు, మళ్ళీ మనకు దూరంగా విసురుతుంది. వాద్యకారుడు ఒక మీట నొక్కి ఆ తిరుగుడు వేగం మార్చినప్పుడు, అప్పటిదాకా నిలకడగా ఉన్న స్వరం అలలు అలలుగా వణకడం మొదలవుతుంది. డీప్ పర్పుల్‌లో జాన్ లార్డ్ ఈ ఆర్గన్‌ను గిటార్ల కోసం చేసిన మార్షల్ ఆంప్లిఫయర్ల గుండా పంపి, దాని చేత గిటార్‌కు దీటుగా గర్జింపజేశాడు. షెరీనియన్ ఆ దారిలో నడిచినవాడే. తొలి ఆల్బమ్ చివర ఉన్న పదకొండు నిమిషాల ‘టూ లేట్ ఫర్ ద సన్’ పాటలో బోనమాసా, షెరీనియన్ ఒకరి మాట ఒకరు అందుకునే భాగం వింటే, ఆర్గన్ లేకుండా ఈ బృందం లేదని ఎవరైనా ఒప్పుకుంటారు.

ఇప్పుడు నకలు అన్న ఆక్షేపణకు వస్తాను. మన సంగీతంలో బాణీ అనే మాట ఉంది. ద్వారం వారి బాణీలో వయొలిన్ వాయించే కళాకారుడు రవీంద్రభారతి వేదిక ఎక్కితే, ఆయన 1930ల సంగీతాన్ని నకలు చేస్తున్నాడని సభలో ఎవరూ అనరు. కమాను ఎక్కడ బరువుగా వేయాలి, ఏ గమకాన్ని ఎంతసేపు పట్టాలి, శ్రద్ధగా వినేవారి ముందు రాగాన్ని ఎలా విప్పాలి అన్నవి గురువు నుంచి చేతికి వచ్చిన విద్యగా వాటిని గుర్తిస్తాం. ఆ విద్యతో ఆ సాయంత్రం ఆయన ఏమి చేశాడన్నదే మనకు ప్రశ్న. రాక్ సంగీతం విషయానికి వచ్చేసరికి ఇదే శ్రోతలు ఈ ఉదారతను ఎందుకు వదులుకుంటారో నాకు అర్థం కాదు. రాక్ అంటే ఎప్పుడూ కొత్తదై ఉండాలని, ప్రతి పదేళ్ళకూ ముందటిదాన్ని తుడిచివేయాలని పత్రికలు, రికార్డు కంపెనీలు నూరిపోసిన నమ్మకం ఇందుకు కారణం కావచ్చు. అమ్మకానికి ఆ నమ్మకం అవసరం. వినేవాడికి దానితో పనిలేదు.

జేసన్ బోనమ్ విషయంలో ఈ అన్యాయం మరీ ఎక్కువ. తండ్రి 1980 సెప్టెంబరులో మరణించేనాటికి అతనికి పద్నాలుగేళ్ళు. పసివాడిగా ఉన్నప్పుడే చిన్న డ్రమ్ సెట్టు మీద వాయిస్తూ లెడ్ జెప్లిన్ సినిమాలో కనిపించాడు. 2007 డిసెంబరు 10న లండన్ ఓ2 అరీనాలో లెడ్ జెప్లిన్ మళ్ళీ కలిసినప్పుడు తండ్రి స్థానంలో కూర్చుని వాయించాడు. ఇంట్లో విని, చూసి, చేతికి పట్టుబడిన విద్య అది. తాళం వెనుక కొద్దిగా ఆగి దెబ్బ వేయడం తండ్రి దగ్గర ఉన్నట్టే కొడుకు దగ్గరా ఉంది. దాన్ని వదిలించుకొమ్మని అడగడం సబబు కాదు. మన సంగీతకారుల కుటుంబాల్లో తండ్రి చేయి కొడుకు వాద్యంలో వినిపిస్తే సంతోషించేవాళ్ళమే కదా మనం.

హ్యూస్ గురించి చెప్పాలంటే ‘మెడూసా’ పాట ఒక్కటి చాలు. 1970లో ట్రపీజ్ అనే బృందంలో ఉండగా, పందొమ్మిదేళ్ళ వయసులో అతను పాడిన పాట ఇది. నలభై ఏళ్ళ తర్వాత, అరవైకి దగ్గరపడుతూ, అదే పాటను ‘బ్లాక్ కంట్రీ’ ఆల్బమ్‌లో మళ్ళీ పాడాడు. రెండింటినీ వెంటవెంటనే వినాలని నా మనవి. మొదటిదానిలో కుర్రవాడి గొంతు స్టీవీ వండర్ వైపు, అంటే సోల్ సంగీతం వైపు మొగ్గుతూ, అప్పుడప్పుడే తన బలాన్ని కనుక్కుంటూ ఉంటుంది. రెండోదానిలో ఆ గొంతు మాదకద్రవ్యాల చేతిలో పోగొట్టుకున్న ఏళ్ళను, అక్కడి నుంచి బయటపడిన ఏళ్ళను దాటి వచ్చింది. పైస్థాయి ఇంకా చెక్కుచెదరలేదు, కిందిస్థాయిలో మాత్రం ఇదివరకు లేని బరువు చేరింది. ఒక మనిషి తన సొంత పాటను ఇలా పాడితే దాన్ని అనుకరణ అనడానికి నోరు ఎలా వస్తుంది?

ఈ బాణీకి ఒక ఊరు కూడా ఉంది. బ్లాక్ కంట్రీ అంటే ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కన డడ్లీ, వాల్సాల్, వుల్వర్‌హాంప్టన్ పట్టణాలున్న ప్రాంతం. బొగ్గు గనులు, ఇనుప కొలుములు, గొలుసుల కార్ఖానాలతో ఒకప్పుడు పొగచూరిపోయిన నేల. జేసన్ డడ్లీలో పుట్టాడు. హ్యూస్ ఆ ప్రాంతపు అంచున ఉన్న కానక్‌లో పుట్టాడు. లెడ్ జెప్లిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్, జ్యూడాస్ ప్రీస్ట్ బృందం కూడా ఆ చుట్టుపక్కలవారే. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ వేళ్ళ కొనలు పోగొట్టుకున్న టోనీ అయోమీ బ్లాక్ సబ్బాత్ గిటార్ నాదాన్ని ఆ గాయంతోనే కనుక్కున్నాడు. బాలానగర్ పారిశ్రామికవాడ పక్కన, ప్రెస్ మిషన్ల చప్పుడు మధ్య చదువుకున్న నాకు, బరువైన రిఫ్ (గిటార్ మీద పదే పదే తిరిగివచ్చే స్వరాల వరుస) అంటే ఇష్టం ఏర్పడడంలో ఆ పరిసరాల పాత్ర ఉందేమోనని అనిపిస్తూ ఉంటుంది.

పాత పద్ధతిలో వాయించిన ప్రతిదీ గొప్పదని నేను అనడం లేదు. పైపై వేషం పట్టుకుని లోపలి పనిని వదిలేసే బృందాలు ఉన్నాయి. కెవ్వుమనే అరుపు, పొడుగు జుట్టు, విప్పిన చొక్కా గుండీలు సులభంగా అబ్బుతాయి. నలుగురు కలిసి ఊపిరి తీయడం అంత సులభంగా అబ్బదు. 2019లో గ్రామీ అందుకున్న గ్రెటా వాన్ ఫ్లీట్ అనే అమెరికన్ బృందం మీద లెడ్ జెప్లిన్ నకలు అన్న ముద్ర బలంగా పడింది. వారి తొలి పాటలు విన్నప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉందనే నాకూ అనిపించింది. బ్లాక్ కంట్రీ కమ్యూనియన్‌లోనూ లోపాలున్నాయి. విముక్తి, ఆత్మ, దారి, వెలుగు అన్న పదాల చుట్టూ తిరిగే హ్యూస్ రచన చాలాచోట్ల పలచగా ఉంటుంది. తొలి ఆల్బమ్‌లో రెండు మూడు పాటలు తగ్గించి ఉంటే మిగతావాటికి గాలి ఆడేది.

అన్నిటికంటే పెద్ద లోపం సూపర్ గ్రూప్ అన్న ఏర్పాటులోనే ఉంది. పేరున్నవారు కలిసినప్పుడు ప్రతి ఒక్కరికీ వేరే ఇల్లు ఉంటుంది, అవసరమైనప్పుడు ఎవరి ఇంటికి వారు వెళ్ళిపోగలరు. 1969లో ఎరిక్ క్లాప్టన్, స్టీవ్ విన్‌వుడ్ కలిసి పెట్టిన బ్లైండ్ ఫెయిత్ ఒక్క ఆల్బమ్‌తో ఆ ఏడాదే ముగిసిపోయింది. ఈ బృందానిదీ కొంతవరకు అదే కథ. హ్యూస్‌కు ఊరూరా తిరిగి కచేరీలు చేసే అసలైన బృందం కావాలి. బోనమాసాకు అప్పటికే ఏడాది పొడవునా సాగే సొంత కచేరీలున్నాయి. 2012లో వచ్చిన మూడో ఆల్బమ్ ‘ఆఫ్టర్‌గ్లో’ నాటికి ఈ విభేదం బహిరంగమైంది, 2013లో బృందం విడిపోయింది.

నా వాదానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఈ విభేదంలోనే ఉంది. బోనమాసాకు తీరిక లేకపోవడంతో ‘ఆఫ్టర్‌గ్లో’ పాటలను ఎక్కువగా హ్యూస్ ఒక్కడే రాసుకున్నాడు. వాద్యాలు అవే, మనుషులు వారే, నిర్మాత అతనే, ఆర్గన్, డ్రమ్స్, గొంతు ఎక్కడికీ పోలేదు. అయినా విన్నప్పుడు అది హ్యూస్ సొంత ఆల్బమ్‌కు మంచి వాద్యకారులు సహకరించినట్టుగా ఉంటుంది. ‘టూ లేట్ ఫర్ ద సన్’లో ఉన్న ఆ ఇచ్చిపుచ్చుకోవడం కనిపించదు. డెబ్బైల నాదం కేవలం పాత వాద్యాలలో, పాత స్వరాలలో ఉన్నదైతే ఈ తేడా రాకూడదు. మళ్ళీ కలిసినప్పుడు హ్యూస్, బోనమాసా ఎదురెదురుగా కూర్చుని పాటలు కట్టారు. 2017 సెప్టెంబరులో వచ్చిన నాలుగో ఆల్బమ్‌లో ఆ ఎదురెదురు కూర్చోవడం మొదటి పాట నుంచే తెలుస్తుంది. టైటానిక్ మునిగిపోతుండగా వయొలిన్ వాయిస్తూనే ఉన్న వాలెస్ హార్ట్‌లీ మీద బోనమాసా పాడిన పాట అందులో ఉంది. గిటార్ వీరుడిగానే అతన్ని తెలిసినవారు ఆ పాటలో అతని గొంతు వినాలి. ఏడేళ్ళ తర్వాత, 2024 జూన్‌లో, అదే నలుగురితో ఐదో ఆల్బమ్ వచ్చింది. ఏడాదికి రెండు వందల రోజులు రోడ్డు మీద ఉండే బృందం కాలేకపోయినా, పద్నాలుగేళ్ళలో ఒక్క సభ్యుణ్ణీ మార్చకుండా ఐదు ఆల్బమ్‌లు తీసుకువచ్చిన సూపర్ గ్రూపులు రాక్ చరిత్రలో అరుదు.

కొత్తగా వినదలచినవారికి నా సూచన ఇది. మొదట ‘బ్లాక్ కంట్రీ’ పాటతో మొదలుపెట్టి, ‘ద గ్రేట్ డివైడ్’లో హ్యూస్ గొంతు ఎంత ఎత్తుకు వెళుతుందో వినండి, ఆ వెంటనే బోనమాసా పాడిన ‘సాంగ్ ఆఫ్ యెస్టర్‌డే’ వినండి. 2011లో వచ్చిన రెండో ఆల్బమ్ నుంచి ‘ద బ్యాటిల్ ఫర్ హేడ్రియన్స్ వాల్’, చివరి పాట ‘కోల్డ్’ తప్పనిసరి. ‘ఆఫ్టర్‌గ్లో’ను నాలుగో ఆల్బమ్ తర్వాతే వినండి, అప్పుడే నేను చెప్పిన తేడా మీకు తెలుస్తుంది. ఫోను స్పీకరు మీద వద్దు. మంచి హెడ్‌ఫోన్లు లేకపోతే, పాత స్పీకర్లు అటక మీద ఉన్న బంధువో మిత్రుడో మన ఊళ్ళో అందరికీ ఒకరుంటారు, వారి ఇంటికి వెళ్ళండి.